ఇక్కడ క్లస్టర్, అక్కడ ఒక్క సర్వర్: విశాఖ ఆఫీసులకి వీఎం రెప్లికేషన్‌లో ఏది నప్పుతుంది?

పోర్టు దగ్గర కస్టమ్స్ క్లియరెన్స్ పనులు చేసే ఆఫీసు ఒకటి. రెండు నోడ్ల (అంటే జతగా పనిచేసే రెండు సర్వర్ల) హైపర్-వి క్లస్టర్, దాని వెనక ఆ రెండూ పంచుకునే షేర్డ్ స్టోరేజ్, దాని మీద ఎనిమిది వీఎంలు, అంటే సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే వర్చువల్ కంప్యూటర్లు. విండోస్‌లో వీటిని నడిపేదే హైపర్-వి. వేరే ఊళ్లో ఒక నకలు పెట్టుకుందామని కొటేషన్ అడిగితే రెండో క్లస్టర్, రెండో స్టోరేజ్ కలిపి రాసి పంపారట. ఆ కాగితం పట్టుకుని ఓనరు గారు నన్ను పిలిచారు. "రెండు వైపులా ఒకేలా ఉండాలంటున్నారు. ఇంత పెట్టాలా అండీ? అక్కడ ఒక్క సర్వర్ పెడితే కుదరదా?"

కుదురుతుంది. విండోస్ సర్వర్ 2012తో హైపర్-వి రెప్లికా (వీఎం నకలుని వేరే సర్వర్‌లో ఎప్పటికప్పుడు తాజాగా ఉంచే ఏర్పాటు) వచ్చిన నాటి నుంచీ కుదురుతూనే ఉంది. క్లస్టర్ నుంచి విడి సర్వర్‌కి, విడి సర్వర్ నుంచి క్లస్టర్‌కి, క్లస్టర్ నుంచి క్లస్టర్‌కి, విడి నుంచి విడికి, ఎటు నుంచి ఎటైనా వీఎంని కాపీ చేయవచ్చు. స్టోరేజ్ రెండు చోట్లా ఒకే కంపెనీది కానక్కర్లేదు. ఇక్కడ ఇంటెల్, అక్కడ ఏఎండీ ఉన్నా గొడవ లేదు. నకలు వీఎం అవతల ఆపేసే ఉంటుంది, అవసరం పడిన రోజున కొత్తగా బూట్ అవుతుంది కాబట్టి ప్రాసెసర్ తేడా దానికి పట్టదు. రెండు వైపులా ఒకేలా ఉండాలన్న మాట ఎక్కడ పుట్టిందో గానీ, కొటేషన్లు రాసేవాళ్లకి మాత్రం బాగానే అక్కరకొస్తోంది.

ముందు ఊరు తేల్చుకోండి

క్లస్టర్ ఉన్నది ఒక నోడ్ పోయినప్పుడు ఆదుకోవడానికి. మదర్‌బోర్డు కాలినా, అప్‌డేట్ పెట్టి రీస్టార్ట్ చేయాల్సి వచ్చినా వీఎంలు పక్క నోడ్ మీద లేస్తాయి. కానీ రెండు నోడ్లూ ఒకే ర్యాక్‌లో, ఒకే యూపీఎస్ మీద, ఒకే ఏసీ కింద ఉంటాయి. ఆ గదికే ముప్పొస్తే పనికొచ్చేది రెప్లికా. క్లస్టర్ ఉంది కదా, మనకేం భయం అనుకునేవాళ్లు నాకు ఏటా ఇద్దరు ముగ్గురు తగులుతుంటారు.

గదికి ముప్పు అంటే ఏమిటో విశాఖవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ సరిగ్గా మన ఊరి మీదే తీరం దాటింది. విమానాశ్రయం పైకప్పు చీలిపోయింది, కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు కూలాయి, చాలా పేటలు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. అలాంటి రోజున గాజువాకలో ఒక సర్వర్, రుషికొండలో ఇంకో సర్వర్ ఉన్నా ఒరిగేది లేదు. మధ్యలో పాతిక ముప్పై కిలోమీటర్ల దూరం తుపానుకి ఒక లెక్కా?

అందుకని సర్వర్ల మోడళ్లు చూసే ముందు దేనికి భయపడుతున్నారో తేల్చుకోండి. షార్ట్ సర్క్యూట్, దొంగతనం, పై అంతస్తు నుంచి కారే నీళ్లు, స్టోరేజ్ చచ్చిపోవడం, మీ భయం వీటి గురించే అయితే ఊళ్లోనే ఇంకో పేట చాలు. తుపాను భయం అయితే ఊరు దాటాలి. విజయనగరం దగ్గరే కానీ అదీ అదే తుపాను దారిలో ఉంది. విజయవాడ అంటే 2024 సెప్టెంబరులో బుడమేరు చేసిన పని గుర్తుంది కదా, అక్కడ పెడితే కనీసం రెండో అంతస్తులో పెట్టండి. నేనైతే ఆరు వందల పైచిలుకు కిలోమీటర్ల దూరంలో, సముద్రం వాసన తగలని హైదరాబాద్‌కే ఓటేస్తాను. మన కంపెనీలకి అక్కడ ఏదో ఒక బ్రాంచి, లేకపోతే ఓనరు గారి బావమరిది ఆఫీసు ఉండనే ఉంటుంది.

నాలుగు అమరికలు, ఎవరికి ఏది

విశాఖలో చిన్న, మధ్య తరహా ఆఫీసులకి నేను మొదట చెప్పేది ఇక్కడ క్లస్టర్, దూరాన విడి సర్వర్. రోజూ పని జరిగే చోట క్లస్టర్ ఇచ్చే భరోసా ఎలాగూ ఉంది. అవతలి సర్వర్ ఏడాదిలో మూడు వందల అరవై రోజులు మార్పులు అందుకుని డిస్క్ మీద రాసుకుంటూ కూర్చుంటుంది. ఆ పనికి రెండు నోడ్లూ షేర్డ్ స్టోరేజూ దండగ. లోకల్ డిస్కులు ఎక్కువున్న ఒక సర్వర్ చాలు. ర్యామ్ కూడా ఇక్కడున్నంత అక్కర్లేదు. ఆపద రోజున ఎనిమిది వీఎంలూ లేవాలా? మా కస్టమ్స్ ఆఫీసులో కూర్చుని లెక్కేస్తే నాలుగు చాలని తేలింది: డేటాబేస్, డాక్యుమెంట్ల అప్లికేషన్, ఫైల్ సర్వర్, రిమోట్ డెస్క్‌టాప్. అటెండెన్స్ మెషీన్ వీఎం తుపాను రోజున లేచి ఎవరి హాజరు వేస్తుంది?

ఈ అమరికకి లోపమూ ఉంది. ఆపద రోజున భారమంతా ఆ ఒక్క పెట్టె మీదే పడుతుంది. హుద్‌హుద్ లాంటిది వచ్చి మీరు పది రోజులు అక్కడి నుంచే నడపాల్సి వస్తే, ఆ పది రోజుల్లో ఆ సర్వర్‌కి ఏమైనా అయితే వెనక ఎవరూ లేరు. పవర్ సప్లైలు రెండు, డిస్కులకి రెయిడ్ (ఒక డిస్క్ పోయినా డేటా పోని అమరిక), దాని మీద రోజూ బ్యాకప్ ఉంటే ఈ ప్రమాదాన్ని నేను ఒప్పుకుంటాను. ఆసుపత్రి అయితే ఒప్పుకోను. పరవాడలో మూడు షిఫ్టులు నడిచే ఫార్మా యూనిట్ అయినా ఒప్పుకోను. అలాంటివాళ్లకి రెండు వైపులా క్లస్టర్ పెట్టడమే న్యాయం. వారాల తరబడి అవతల నుంచి నడిపినా ఒక నోడ్ ఆపి అప్‌డేట్లు పెట్టుకోవచ్చు. ఖర్చు దాదాపు రెట్టింపని తెలిసే దిగండి. షేర్డ్ స్టోరేజ్ కొనకుండా నోడ్ల లోపలి డిస్కులతోనే క్లస్టర్ కడదామంటే స్టోరేజ్ స్పేసెస్ డైరెక్ట్ కావాలి, దానికి విండోస్ సర్వర్ డేటాసెంటర్ ఎడిషన్ లైసెన్స్ తప్పదు.

విడి సర్వర్ల నుంచి క్లస్టర్‌కి పంపే పద్ధతిని చాలామంది తలుచుకోరు కానీ బ్రాంచీలున్న వాళ్లకి ఇది బంగారం. అనకాపల్లిలో ఒకటి, శ్రీకాకుళంలో ఒకటి చిన్న సర్వర్లుంటాయి, చూసుకోవడానికి అక్కడ మనిషి ఉండడు. వాటి వీఎంలన్నీ విశాఖ హెడ్ ఆఫీసు క్లస్టర్‌కి రెప్లికేట్ చేస్తే, అక్కడ సర్వర్ పడిపోయిన రోజున ఇక్కడ లేపుకోవచ్చు. ఇక్కడికి వచ్చిన నకలు క్లస్టర్‌లో భాగమైపోతుంది, నోడ్లు మారినా దానికి బెంగ లేదు.

విడి నుంచి విడికి అనేది ద్వారకానగర్‌లో పది మంది పనిచేసే ఆడిటర్ ఆఫీసు స్థాయికి సరిపోతుంది. క్లస్టర్ కొనలేనివాళ్లు రెండు సర్వర్లు పక్కపక్కనే పెట్టి ఇలా నడుపుతుంటారు. తప్పేమీ లేదు, కానీ క్లస్టర్‌లా దానంతటది మారదని మాత్రం గుర్తుంచుకోవాలి. హైపర్-వి రెప్లికాలో ఫెయిలోవర్ (నకలుని లేపి పనిని అటు మార్చడం) నొక్కాల్సింది మనిషే.

ఊళ్లోనూ ఒకటి, దూరాన ఒకటి కావాలనే వాళ్లకి 2012 ఆర్2 నుంచి ఎక్స్‌టెండెడ్ రెప్లికేషన్ ఉంది. క్లస్టర్ నుంచి ఎంవీపీ కాలనీలో ఉన్న సర్వర్‌కి 30 సెకన్లకోసారి, అక్కడి నుంచి హైదరాబాద్ సర్వర్‌కి 15 నిమిషాలకోసారి. మొదటి అంచెలో 30 సెకన్లు, 5 నిమిషాలు, 15 నిమిషాలు అని మూడు వ్యవధులుంటే రెండో అంచెలో 30 సెకన్లది ఉండదు.

బ్రోకర్ దగ్గరే అందరూ ఇరుక్కునేది

క్లస్టర్ ఏ వైపు ఉన్నా సరే, ఆ క్లస్టర్‌లో హైపర్-వి రెప్లికా బ్రోకర్ అనే రోల్ పెట్టాలి. వీఎం ఇవాళ ఒకటో నోడ్ మీద ఉంటుంది, రేపు రెండో దాని మీద ఉంటుంది. అవతలి వాడికి ఈ సంగతులన్నీ తెలియక్కర్లేకుండా, క్లస్టర్ తరఫున ఒకే పేరు, ఒకే ఐపీ పట్టుకుని గుమ్మం దగ్గర కూర్చునేది బ్రోకర్. విడి సర్వర్‌కి బ్రోకర్ ఉండదు, దాని పేరే దాని చిరునామా.

కాబట్టి క్లస్టర్‌కి పంపేటప్పుడు విజార్డ్‌లో నోడ్ పేరు రాయకూడదు, బ్రోకర్ పేరు రాయాలి. నోడ్ పేరు రాస్తే, ఇది క్లస్టర్‌లో ఉంది, బ్రోకర్ పేరు ఇవ్వమని అదే చెప్తుంది. ఇదొక్కటే దయగల ఎర్రర్. మిగతావి అంత విడమరిచి చెప్పవు.

బ్రోకర్ పేరు మీద యాక్టివ్ డైరెక్టరీలో (ఆఫీసు డొమైన్‌లోని యూజర్లు, కంప్యూటర్ల జాబితాలో) ఒక కంప్యూటర్ ఆబ్జెక్ట్ పుట్టాలి. దాన్ని పుట్టించేది మీ అడ్మిన్ అకౌంట్ కాదు, క్లస్టర్ అకౌంట్. అది పుట్టే ఓయూలో (డైరెక్టరీలో ఫోల్డర్ లాంటిది) క్లస్టర్ అకౌంట్‌కి అనుమతి లేకపోతే రోల్ పైకి లేవదు. నేను మొదటిసారి చేసినప్పుడు ఇది తెలియక రాత్రి పదకొండు దాకా నెట్‌వర్క్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

తర్వాత ఫైర్‌వాల్. రెప్లికా లిజనర్ రూల్ (నకలు డేటాని లోపలికి రానిచ్చే నియమం) విండోస్‌లో ముందే ఉంటుంది కానీ ఆన్ అయి ఉండదు. క్లస్టర్‌లో ప్రతి నోడ్ మీదా విడివిడిగా ఆన్ చేయాలి. ఒక నోడ్ మీద మర్చిపోతే వారం బాగానే నడుస్తుంది, ఆపైన వీఎం ఆ నోడ్‌కి జరిగిన రోజున రెప్లికేషన్‌ని అవతలి నుంచి వెనక్కి తిప్పబోతే ఆగిపోతుంది. అప్పుడు అందరూ ఇంటర్నెట్ లైన్ వాడి మీద పడతారు.

క్లస్టర్ నుంచి విడి సర్వర్‌కే కదా పంపేది, ఇక్కడ బ్రోకర్ ఎందుకు అని అడిగేవాళ్లూ ఉన్నారు. మొదట పంపడానికీ అదే కావాలి, తుపాను తగ్గాక హైదరాబాద్‌లో చేసిన పనిని విశాఖకి వెనక్కి తెచ్చుకోవడానికీ అదే కావాలి. ఆ రోజున విశాఖ క్లస్టర్ నకలు అందుకునే వైపు అవుతుంది. అందుకని మొదటి రోజే రెండు వైపులా రెప్లికా సర్వర్‌గా ఆన్ చేసి పెట్టుకోండి. ఎవరి నుంచి తీసుకోవాలో అనుమతులు రాసే చోట ఒక్కో పేరూ కాకుండా నక్షత్రం గుర్తుతో మీ డొమైన్ మొత్తానికీ వర్తించేలా రాస్తే తర్వాత కొత్త నోడ్ చేర్చినా ఇబ్బంది పడరు.

రెండు వైపులా ఒకే డొమైన్ అయితే కెర్బెరోస్ (డొమైన్ అకౌంట్లతోనే సర్వర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టే పద్ధతి) తేలిక, పోర్ట్ 80 మీద నడుస్తుంది. కానీ అందులో డేటా ఎన్‌క్రిప్ట్ కాదు. కాబట్టి ఇంటర్నెట్ మీద పంపితే రెండు ఆఫీసుల మధ్య వీపీఎన్ ఉండాల్సిందే. అవతలి సర్వర్ డొమైన్‌లో లేకపోతే సర్టిఫికెట్ పద్ధతి, పోర్ట్ 443. క్లస్టర్‌కైతే నోడ్ల పేర్లూ బ్రోకర్ పేరూ కూడా సర్టిఫికెట్లలో కవర్ కావాలి, ఆ గడువు తేదీలు ఎవరో ఒకరు గుర్తుంచుకోవాలి. చిన్న ఆఫీసులో ఆ ఎవరో ఒకరు ఉండరు. డొమైన్, కెర్బెరోస్, వీపీఎన్ కలిపి వెళ్లమనే నా సలహా.

విండోస్ వెర్షన్ కూడా చూసుకోండి. ఇక్కడ 2022, అక్కడ చవగ్గా దొరికిన పాత 2019 లైసెన్స్ అంటే చిక్కే. 2022లో కొత్తగా చేసిన వీఎం కాన్ఫిగరేషన్ వెర్షన్ 10.0 ఉంటుంది, 2019కి 9.0 వరకే తెలుసు. అవతలి సర్వర్ సమానమైనా ఉండాలి, కొత్తదైనా ఉండాలి. కొత్తదైతే మళ్లీ వెనక్కి తెచ్చుకునేటప్పుడు ఇదే తలనొప్పి ఎదురు కాకుండా వీఎం వెర్షన్ పెంచకుండా ఉంచాలి. రెండూ ఒకటే అయితే ఈ టెన్షన్ ఉండదు.

లైన్, లాగ్, గోదావరి ఎక్స్‌ప్రెస్

రోజుకి 30 జీబీ మారుతుందనుకోండి. రోజంతా సమానంగా పంచితే 3 ఎంబీపీఎస్ కూడా పట్టదు. కానీ ఆ మార్పంతా ఎనిమిది గంటల ఆఫీసు టైంలోనే జరుగుతుంది, అప్పుడు సగటున 8 ఎంబీపీఎస్ పైమాటే. డేటాబేస్ బ్యాకప్‌ని అదే వీఎం లోపలి డిస్క్ మీదకే తీసే అలవాటుంటే ఆ బ్యాకప్ ఫైలు కూడా మార్పే కాబట్టి రోజూ హైదరాబాద్ ప్రయాణం కడుతుంది. దాన్ని విడి వర్చువల్ డిస్క్ మీద పెట్టి, ఆ డిస్క్‌ని రెప్లికేషన్ నుంచి తప్పించండి. పేజ్ ఫైల్‌కీ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైలుకీ) అదే వైద్యం.

వ్యవధి విషయంలో 30 సెకన్లు చూసి అందరూ మురిసిపోతారు. నేను 5 నిమిషాలే పెడతాను. కస్టమ్స్ డాక్యుమెంట్ ఒకటి మళ్లీ టైప్ చేసుకుంటే పోయేదేమీ లేదు.

లైన్ తెగినప్పుడు మార్పులు ఇక్కడే లాగ్ ఫైళ్లలో పోగవుతాయి. క్లస్టర్‌లో అవి వీఎం డిస్కులున్న షేర్డ్ వాల్యూమ్ మీదే పెరుగుతాయి. ఆ వాల్యూమ్ నిండితే దాని మీదున్న వీఎంలన్నీ ఆగిపోతాయి. అంటే కాపాడటానికి పెట్టినదే కొంప ముంచుతుంది. లాగ్ వర్చువల్ డిస్క్ సైజులో సగానికి చేరితే మొత్తం డిస్క్ పోల్చి చూసే రీసింక్ చేయాలి, సన్నని లైన్ మీద అది నరకం. కాబట్టి వాల్యూమ్‌లో ఖాళీ ఉంచండి, రెప్లికేషన్ హెల్త్ ఎర్రబడితే ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా చూసుకోండి.

మొదటి కాపీ సంగతి. 2 టీబీని 50 ఎంబీపీఎస్ లైన్ మీద పంపితే లైన్ మొత్తం దానికే ఇచ్చినా దాదాపు 89 గంటలు. హైపర్-విలో మొదటి కాపీని బయటి డిస్క్ మీదకి తీసే ఆప్షన్ ఉంది. బిట్‌లాకర్ తాళం (ఎన్‌క్రిప్షన్) వేసిన డిస్క్‌ని బ్యాగులో పెట్టుకుని సాయంత్రం విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నకి హైదరాబాద్‌లో దిగుతారు. మన రెండు ఊళ్ల మధ్య అంతకన్నా వేగమైన లైన్ ఆ ధరకి ఎవరూ ఇవ్వలేరు.

మిగతా దారులు, క్లుప్తంగా

స్టోరేజ్ రెప్లికా గురించి కూడా అడుగుతుంటారు. అది వీఎంని కాకుండా వాల్యూమ్‌ని కాపీ చేస్తుంది, ఒక్క రాత కూడా పోకుండా సింక్రనస్‌గా, అంటే రెండు చోట్లా రాశాకే పని అయినట్టు లెక్కేస్తూ, పంపగలదు. కానీ సర్వర్ నుంచి సర్వర్‌కి, క్లస్టర్ నుంచి క్లస్టర్‌కి, లేదా రెండు చోట్ల పరచిన ఒకే క్లస్టర్‌లో మాత్రమే. క్లస్టర్‌కీ విడి సర్వర్‌కీ జత కుదరదు. పైగా స్టాండర్డ్ ఎడిషన్‌లో 2019 నుంచి ఒకే వాల్యూమ్, 2 టీబీ వరకే. సింక్రనస్‌కి రానుపోను 5 మిల్లీసెకన్ల లోపు ఉండాలంటారు కాబట్టి హైదరాబాద్ ఆశ వదులుకోవాలి.

రెండో సర్వర్ పెట్టే చోటే లేనివాళ్లకి, మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లోకి నకలు పంపే అజ్యూర్ సైట్ రికవరీ మంచిది. నెలనెలా వీఎంకి ఇంతని కట్టాలి, స్టోరేజ్ ఖర్చు వేరే. వీఎం నడిచే అద్దె మాత్రం ఫెయిలోవర్ చేసినప్పుడే. మన దేశంలో పుణె, చెన్నై, ముంబై రీజియన్లున్నాయి, తుపాను భయంతో పెడుతున్నవాళ్లు చెన్నై కన్నా పుణె చూసుకోండి.

హైపర్-వికి బదులు వీఎంవేర్ మీద ఉన్నవాళ్లకి వీస్పియర్ రెప్లికేషన్ ఉంది, పని బాగానే చేస్తుంది. 2023 నవంబరులో ఆ కంపెనీ బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లాక శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేశారు కాబట్టి కొత్తగా అటు వెళ్లమని చెప్పను. లైనక్స్ మీద వీఎంలు నడిపే ప్రాక్స్‌మాక్స్‌లో సొంత రెప్లికేషన్ ఉన్నా, అది జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద, ఒకే క్లస్టర్ నోడ్ల మధ్యే నడుస్తుంది. విడి సర్వర్‌కి పంపాలంటే కమాండ్ లైన్ పనిముట్లతో మీరే అమర్చుకోవాలి. లైనక్స్ వచ్చిన మనిషి ఆఫీసులో ఉంటేనే ఆ దారి.

లైసెన్స్ లెక్క కొటేషన్‌లో తరచూ కనిపించదు. స్టాండర్డ్ లైసెన్స్ ఒక సర్వర్‌లో రెండు విండోస్ వీఎంలకే. అవతలి సర్వర్‌లో నాలుగు లేపాలంటే రెండింతలు. సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ (లైసెన్స్ మీద మైక్రోసాఫ్ట్‌కి అదనంగా కట్టే ఒప్పందం) ఉంటే విపత్తు నకళ్లకి మినహాయింపు ఉంది, షరతులతో. మీ డీలర్‌తో కాగితం మీద రాయించుకోండి.

ఇంకొకటి, రెప్లికా బ్యాకప్ కాదు. రాన్సమ్‌వేర్ ఫైళ్లని లాక్ చేస్తే ఐదు నిమిషాల్లో అవతలి కాపీలోనూ అవే లాకైన ఫైళ్లుంటాయి. రికవరీ పాయింట్లు గంటకొకటి చొప్పున 24 వరకే దాచుకోవచ్చు. శనివారం సాయంత్రం తగిలింది సోమవారం పొద్దున చూస్తే అవన్నీ దాటిపోయి ఉంటాయి.

లేస్తుందో లేదో

కస్టమ్స్ ఆఫీసు వాళ్లకి చివరికి పెట్టింది విశాఖ క్లస్టర్, హైదరాబాద్‌లో వాళ్ల బ్రాంచిలో ఒక్క సర్వర్, 5 నిమిషాల వ్యవధి. రెండో క్లస్టర్‌కి అనుకున్న డబ్బులో కొంత రెండో ఇంటర్నెట్ లైన్‌కి, కొంత యూపీఎస్ బ్యాటరీలకి పోయింది. ఆ సర్వర్ మీద రెప్లికా కాకుండా ఒక చిన్న డొమైన్ కంట్రోలర్ వీఎంని నిజంగా నడుపుతున్నాం. డొమైన్ కంట్రోలర్లకి వాటి సొంత రెప్లికేషన్ ఉంది. విశాఖ మొత్తం చీకట్లో ఉన్నప్పుడు హైదరాబాద్‌లో లాగిన్‌కి జవాబు చెప్పేవాడు ఒకడు మేల్కొని ఉండాలి కదా.

మొదటి టెస్ట్ ఫెయిలోవర్ రెండో శనివారం పెట్టాం. అసలు వీఎంలు ఆగవు, రెప్లికేషనూ ఆగదు, పేరు చివర టెస్ట్ అని తగిలించుకున్న కాపీ అవతల లేస్తుంది. నాలుగూ లేచాయి. ఒక్కదానికీ నెట్‌వర్క్ లేదు. నకలు వీఎంల నెట్‌వర్క్ అడాప్టర్‌ని అక్కడి స్విచ్‌కి తగిలించడం, ఫెయిలోవర్ ఐపీ రాయడం మర్చిపోయింది నేనే. టెస్ట్‌కి వేరే స్విచ్, అసలు రోజుకి వేరే స్విచ్ పెట్టి, నెల తిరిగాక మళ్లీ రెండో శనివారం చూశాం. ఈసారి ఓనరు గారే కుర్చీలో కూర్చుని, పాత షిప్‌మెంట్ ఒకటి తెరిచి, బిల్లు ప్రింట్ కొట్టి చూసుకున్నారు. పద్దెనిమిది నిమిషాలు పట్టింది. టెస్ట్ కాపీల్ని ఆపి తుడిచేయడం గుర్తుచేసింది కూడా ఆయనే.